మనసులో మనవి

నాంపల్లిలో మేము ఇన్నేళ్ళుగా ఉంటున్న కిరాయి ఇంటిని కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. ఖాళీ చేయమని యజమాని మర్యాదగానే చెప్పాడు. సామాను సర్దుతుంటే, నాయనమ్మ రేకు పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద ఒక గోధుమరంగు కవరు దొరికింది. అందులో పెద్ద ఎక్స్‌రే ఫిల్ము. మా కోడలు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పక్కటెముకల వెనక, ఎడమవైపు పైభాగంలో, అద్దం మీద నోటి ఆవిరి పట్టినట్టు ఒక తెల్లని మబ్బు. మూలన తెల్లసిరాతో ఒక పేరు. "ఈ నరసయ్య ఎవరత్తయ్యా?" అని అడిగింది. "తెలియదమ్మా, ఎవరిదో వచ్చి మన సామానులో కలిసి ఉంటుంది" అన్నాను. డెబ్బై దాటినదాన్ని, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని, ఆ అబద్ధం నా నోట ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఒళ్ళు చల్లబడింది. ఆ ఛాతీ మా నాన్నది. నాన్న పేరు ఆనందరావు. మా ఇంట్లో నరసయ్య అనే మనిషి ఎన్నడూ లేడు.

మేము మామూలు మనుషులం కాదన్న సంగతి నాకు మాటలు రాకముందే నేర్పారు. తాతయ్య బందరు నుంచి ఒక కత్తెర, ఒక టేపు పట్టుకుని హైదరాబాదు వచ్చి, అబిడ్స్ చౌరస్తాకు పది అంగల దూరంలో టైలరింగు దుకాణం పెట్టాడు. నవాబుల షేర్వానీలు, దొరల సూట్లు, పెద్ద డాక్టర్ల కోట్లు అక్కడ కుట్టినవే. దుకాణానికి రెండు అద్దాల కిటికీలు, వాటిలో తలలేని చెక్కబొమ్మలు రెండు, ఒకటి నల్లకోటుతో, ఒకటి తెల్ల షేర్వానీతో. దుకాణం వెనక సందులోనే మా సొంత ఇల్లు. చర్చిలో కుడివైపు రెండో బెంచీ మాది. దాని మీద పేరేమీ రాసి లేదు, కానీ ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కారు. నాయనమ్మ ఆ బెంచీకి ఏనాడూ వీపు ఆనించలేదు. గంటన్నర ఆరాధన, ముప్పావు గంట ప్రసంగం, కర్ర పాతినట్టు నిటారుగా ఉండేది. నేను కొంచెం వాలితే మోచేత్తో పొడిచి, "ఆనుకునేది రోగులు" అనేది. ఈ రోజుకీ నేను కుర్చీలో వెనక్కి వాలను. మా కోడలు అది నడుంనొప్పి అనుకుంటుంది.

నాకు ఊహ తెలిసేసరికి తాతయ్య పోయాడు. షేర్వానీలు వేసుకునేవాళ్ళు తగ్గారు. సుల్తాన్ బజార్‌లో కుట్టిన చొక్కాలు వేలాడదీసి అమ్మడం మొదలైంది. అయినా నాన్న చేతి కటింగు కోసం వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. కుట్టేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, గుడ్డ కోసే మాస్టరు దొరకడు అనేది నాయనమ్మ. ఇల్లంతా నాన్న పని వాసనే. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద తడి ఉన్ని ఆవిరి, సుద్దముక్కల పొడి, స్టేషన్ వైపు నుంచి వచ్చే ఇంజను పొగ. తెల్లవారుతూనే కుటుంబ ప్రార్థన. నాయనమ్మ చాప పరిచి కీర్తన ఎత్తుకునేది, నాన్న కింది స్వరంలో అందుకునేవాడు, అమ్మ మోకాళ్ళ మీద ఉండగానే మా చెల్లి విమల ఆమె కాళ్ళ మీద తల పెట్టి మళ్ళీ నిద్రపోయేది. ప్రార్థన అయ్యాక అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. వారమంతా అలా తీసిన పిడికెళ్ళను ఆదివారం చర్చికి పట్టుకెళ్ళి పెద్ద సంచిలో పోసేవాళ్ళం. అన్ని ఇళ్ళ బియ్యమూ అందులో కలిసేది. ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకు పాస్టరుగారి భార్య దాన్ని పంచేది. ఆ ఇళ్ళు ఏవో నాయనమ్మకు తెలుసు, కానీ పలికేది కాదు. "మనం పోసేవాళ్ళం. ఎవరు తింటున్నారో మనకెందుకు?" అనేది.

నాన్న దగ్గు జనవరిలో, నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో మొదలైంది. చలి, దుమ్ము అనుకున్నారు. చలి పోయింది, దగ్గు పోలేదు. ఒకనాడు ఇస్త్రీ బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద ఎర్రని చుక్కలు పడ్డాయి. ఆ గుడ్డను నాయనమ్మ పొయ్యిలో పెట్టి కాల్చేసింది. మరునాడు ఆమే నాన్నను వెంటబెట్టుకుని, మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండని దూరపు దవాఖానకు రిక్షాలో తీసుకెళ్ళింది. చీటీ రాసేవాడు పేరడిగితే నాన్న కంటే ముందు నాయనమ్మే "నరసయ్య" అంది. ఊరడిగితే సికింద్రాబాదు వైపు ఏదో వీధి పేరు చెప్పింది. క్షయ ఉన్నవాడు కొలతలు తీసి కుట్టిన కోటును ఎవరు ఒంటి మీద వేసుకుంటారు? దుకాణం పోతే ఇల్లు పోతుంది. ఆమె లెక్క అదీ. తప్పు లెక్కని చెప్పడానికి అప్పుడు మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు, నిజానికి అది తప్పు కూడా కాదు. తర్వాత అలాగే జరిగింది.

అబద్ధం ఆడటం కంటే దాన్ని నిలబెట్టడం కష్టం. నాన్నకు వేరే గది ఇస్తే పనిమనిషి అడుగుతుంది. వేరే కంచం పెడితే చుట్టాలు చూస్తారు. అందుకని అన్నీ ఎప్పటిలాగే ఉండాలని నాయనమ్మ శాసనం. నాన్న ఎప్పటిలాగే దుకాణానికి వెళ్ళాలి, ఎప్పటిలాగే ఆదివారం కీర్తన పాడాలి, దగ్గొస్తే బయటికి నడవాలి. విమలకు అప్పుడు అయిదేళ్ళు. అది ఎప్పటిలాగే మధ్యాహ్నం నాన్న పక్కన పడుకునేది, ఆయన జేబులో సుద్దముక్కలు వెతికి గచ్చు మీద గీతలు గీసేది, ఆయన తాగగా మిగిలిన చాయ్ సాసర్లో పోసుకుని తాగేది. నాన్న దాన్ని దూరం జరపబోతే ఏడ్చేది. ఏడిస్తే పక్కింటివాళ్ళకు వినిపిస్తుంది. ఆయన మళ్ళీ చేయి చాపేవాడు.

బుధవారం సాయంత్రాలు ఇంటికూటం ఉండేది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. పాట, వాక్యం అయ్యాక పాస్టరుగారు ఒక్కొక్కరినీ ప్రార్థన మనవి ఏమిటని అడిగేవారు. ఆయన్ని మేమందరం అయ్యగారు అనేవాళ్ళం. చెప్పుకోలేని కష్టమైతే "మనసులో మనవి ఉందండీ" అంటే చాలు. ఆయన మరో ప్రశ్న వేసేవారు కారు. "ఈ సహోదరి మనసులో ఉన్నది నీకు తెలుసు ప్రభువా" అని ముందుకు వెళ్ళేవారు. అది మా సంఘంలో మర్యాద. ఆ ఏడు నెలలూ అమ్మ ప్రతి బుధవారం ఆ మూడు మాటలే అంది. నాయనమ్మ ఆమె పక్కన నిటారుగా కూర్చుని "ఆమేన్" అనేది.

ఆ కూటాల్లో చాప చివర, గుమ్మం దగ్గర కూర్చునే మనిషి సంతోషమ్మ. నాంపల్లి స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు ఊడ్చేది, రైల్వే క్వార్టర్స్‌లో ఒంటిగదిలో ఉండేది. మెదక్ వైపు ఊరు. ఆమెకు మనసులో మనవులు ఉండేవి కావు, అన్నీ నోట్లోనే. ఒకసారి మా ఇంట్లోనే జరిగిన కూటంలో అంది: "అయ్యగారూ, మా ఆయనకు దగ్గు తగ్గింది గానీ తాగుడు తగ్గలే. రెండింటికీ గలిపి చెయ్యున్రి ప్రార్థన. యేరేయేరే అడిగితే దేవునికి గూడ యాష్టకొస్తది." ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అయ్యగారు కూడా పెదవి బిగబట్టారు. నాయనమ్మ మాత్రం కళ్ళు మూసుకుంది. వాళ్ళందరూ వెళ్ళాక, "సిగ్గూ శరమూ లేని మనిషి. మొగుడి జబ్బు నలుగురిలో పెట్టి వాయిస్తుందా?" అంది. సంతోషమ్మ తాగిన గ్లాసును రెండుసార్లు కడిగించింది. దగ్గే నాన్న గ్లాసును మాత్రం మిగతా గ్లాసులతోనే కడిగేవాళ్ళం.

దవాఖానకు నాన్న కార్డు పట్టుకుని అమ్మే వెళ్ళి మాత్రలు తెచ్చేది. సూదులు మాత్రం నాన్న ఎవరికీ కనబడకుండా వెళ్ళి వేయించుకొచ్చేవాడు. బడి లేని ఒక రోజు అమ్మతో నేనూ వెళ్ళాను. పొడుగాటి వరండా, ఫినాయిలు వాసన, గోడల పొడుగునా గొంతుక్కూర్చున్న మనుషులు. "నరసయ్య! నరసయ్య తాలూకు ఎవరున్నరు?" అని కాంపౌండరు కేక వేశాడు. అమ్మ లేచింది. సరిగ్గా ఆమె ముందు వరసలో ఉన్న ఒక ఆడమనిషి తల తిప్పి చూసింది. సంతోషమ్మ. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. సంతోషమ్మ మళ్ళీ ముందుకు తిరిగింది. మాత్రలు తీసుకుని మేము గేటు దాకా వచ్చాక వెనకనుంచి వచ్చి, అమ్మ పక్కన నడుస్తూ అంది.

"బిడ్డా, సూదులు నాగా చెయ్యనియ్యకు. మావోడు మూణ్ణెల్లకు మంచిగైనా అని బంద్ జేసిండు, మల్ల మొదటికొచ్చింది. మల్ల సూదులన్ని ఏపిస్తే, ఇప్పుడు జూడు, పట్టాల మీద పని జేస్తుండు."

అమ్మ తల ఊపింది.

"ఇంట్ల పిల్లల్ని సూపిచ్చినవా?"

"వాళ్ళకేం లేదు."

"ఏం లేదని నువ్వంటె గాదమ్మా, డాక్టర్లనాలె. గీ దవాఖాన నర్సమ్మ అందరి ఇండ్లకు వస్తది, పిల్లల్ని సూస్తది. మీ ఇంటికి రాలే?"

ఎలా వస్తుంది? ఆ నర్సు సికింద్రాబాదులో ఏదో వీధిలో నరసయ్య ఇంటి కోసం వెతికి తిరిగి వెళ్ళి ఉంటుంది. అమ్మ ఆగిపోయి ఆమె చేయి పట్టుకుంది. "సంతోషమ్మా, ఎవరికీ చెప్పకు. దేవుడికి తెలుసు, చాలు."

"నేనెందుకు జెప్తనమ్మా. దేవునికి ఎరుకనే. గానీ గంజి కాసేటోళ్ళకు గూడ ఎరుకుండాలె గద" అని ఆమె బస్సు కోసం వెళ్ళిపోయింది.

పిల్లల్ని చూపిద్దామని ఆ రోజే అమ్మ నాయనమ్మను అడిగింది. "ఏమని రాయిస్తావు? నరసయ్య పిల్లలనా?" అని నాయనమ్మ. ఆ మాటతో అది ముగిసింది.

విమల జ్వరం వానాకాలంలో వచ్చింది. పెద్ద జ్వరం కాదు. ఆటలు మానేసి మూల కూర్చునేది, ముట్టుకుంటే విసుక్కునేది. తర్వాత వాంతులు. తర్వాత వెలుతురు వద్దని ఏడుపు. మా దుకాణంలో కుట్టిన కోటు వేసుకునే అబిడ్స్ డాక్టరే ఇంటికొచ్చి చూశాడు. దాని మెడ కింద చేయి పెట్టి ఎత్తబోతే కెవ్వుమంది. ఆయన కొంచెం ఆలోచించి నాయనమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, దాచకుండా చెప్పండి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా? దగ్గుతున్నవాళ్ళు ఎవరైనా?" అన్నాడు. నాయనమ్మ ఆయన కళ్ళలోకి చూసి, "మా వంశంలో లేదు డాక్టరుగారూ" అంది. అమ్మ నోరు తెరిచి మూసింది. గుమ్మంలో నేనున్నాను. నాకు పదకొండేళ్ళు. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు. టైఫాయిడ్ కావచ్చని ఆయన మందులు రాసి వెళ్ళాడు. ఆ మందులు పదిరోజులు పోశాం. ఆ పదిరోజుల గురించి నేను ఇంకేమీ రాయలేను.

ఆ తర్వాతి బుధవారం ఇంటికూటం మా వంతు. వద్దని కబురు చేద్దామని నాన్న అన్నాడు. మానేస్తే ఎందుకని అడుగుతారని నాయనమ్మ చాపలు పరిపించింది. విమలను లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. జనం వచ్చారు, పాట పాడారు. నలుగురు మనుషులు పక్షవాతం వచ్చిన స్నేహితుణ్ణి మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన సంగతి అయ్యగారు చెప్పారు. తర్వాత మనవులు అడిగారు. ఒకరికి కాళ్ళనొప్పులు, ఒకరికి కొడుకు ఉద్యోగం. అమ్మ వంతు వచ్చింది. అయ్యగారు ఆమె జవాబు ముందే తెలిసినట్టు తల వంచుకుని ఉన్నారు. అమ్మ లేచి నిలబడింది. మా కూటాల్లో మనవి చెప్పడానికి ఎవరూ లేచి నిలబడరు.

"మా ఆయనకు క్షయ. ఏడు నెలలుగా. దొంగపేరుతో మందులు తెస్తున్నాము. నా బిడ్డకు కూడా అదే పట్టిందని నా భయం. డాక్టరు అడిగితే లేదని చెప్పాము" అంది. వాన గురించి చెబుతున్నట్టు చెప్పింది.

చాప మీద ఒకామె తన బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. ఇంకొకామె చేతిలోని చాయ్ కప్పును చూసి, మెల్లగా నేల మీద పెట్టి దూరం జరిపింది. నాన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన గోడకు ఆనుకోవడం నేను మొదటిసారి చూశాను. నాయనమ్మ కదల్లేదు. "కూర్చో కరుణా" అంది, పళ్ళ మధ్య నుంచి. అయ్యగారు "ప్రార్థిద్దాం" అని కళ్ళు మూసుకోబోయారు.

"ప్రార్థన తొవ్వల చేస్కుందం అయ్యగారూ. ముందుగాల రిక్షా పిలువున్రి" అంటూ సంతోషమ్మ గుమ్మం దగ్గరనుంచి లేచింది. చాపలు దాటుకుంటూ నేరుగా లోపలి గదిలోకి నడిచింది. నాయనమ్మ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. "లోపలికి ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"అమ్మగారూ, గా నలుగురు ఇంటి కప్పే పీకిన్రు. గాళ్ళు ఎవ్వలనన్న అడిగిన్రా? జరుగున్రి."

నాయనమ్మ జరిగింది.

దవాఖానలో అసలు పేర్లు రాయించింది అమ్మే. విమల వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. డాక్టరు చిన్నవాడు, కోపిష్టి. "క్షయ మెదడుకు పాకింది. మొదట్లో తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళం. ఎవరూ అడగలేదా మిమ్మల్ని?" అన్నాడు. అడిగారు. చెల్లి పదిహేను రోజులు బతికింది, దాన్ని బతకడం అనగలిగితే. రైల్వే క్వార్టర్స్ ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చేవాళ్ళు. మా రెండో బెంచీ చుట్టుపక్కలవాళ్ళు రాలేదు. పొద్దున ఒకామె గంజి తెస్తే మధ్యాహ్నం ఇంకొకామె అమ్మను లేపి, కాసేపు పడుకోమని తాను విమల కాళ్ళు రాస్తూ కూర్చునేది. వాళ్ళు గట్టిగా, తప్పుల తడకగా, రాగం లేకుండా ప్రార్థించేవాళ్ళు. వార్డులో మిగతావాళ్ళు మొదట చిరాకుపడ్డారు, తర్వాత తమ పిల్లల పేర్లు కూడా చెప్పారు. అన్ని ప్రార్థనల తర్వాతా, ఒక మధ్యాహ్నం, అన్నం బండి వచ్చిన వేళకు, విమల పోయింది.

సమాధి చేసి వచ్చిన మరునాడు తెల్లవారుజామునే అమ్మ చాప పరిచి మోకరించింది. నేను పక్కమీది నుంచి లేవలేదు. నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఎందుకమ్మా ప్రార్థన? ఇచ్చాడా అడిగింది?" అన్నాను. అమ్మ మోకాళ్ళ మీదే నా వైపు తిరిగింది. "మరి ఎవరితో పోట్లాడమంటావే నన్ను?" అంది. ఆ తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, విశ్వాసం గురించి. వాటిలో ఏదీ నాకు ఆ మాటంత దూరం తోడు రాలేదు. అమ్మ పోట్లాడుతూనే లేచేది, పోట్లాడుతూనే నాన్న మాత్రలు చేతిలో పెట్టేది, నన్ను దవాఖానలో పరీక్షలకు తిప్పేది. ఆ పోట్లాట లేకపోతే ఆమె ఆ ఏడాది లేచి నిలబడగలిగేది కాదు.

నాయనమ్మ చెప్పినట్టే దుకాణం పోయింది. రెండు నెలల్లో జనం కుట్టమని ఇచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. కొందరు మర్యాద కోసం నౌకర్లను పంపారు. చెక్కబొమ్మల్ని ఎవరో కొనుక్కున్నారు, కిటికీల్లో మరొకరి చెప్పులు అమరాయి. ఇల్లు కూడా చేజారిపోయింది, స్టేషన్ వెనక రెండు గదుల్లోకి వచ్చాం. నాన్న జబ్బు మాత్రం తగ్గింది. సంతోషమ్మ చెప్పినట్టు ఒక్క సూదీ నాగా లేకుండా. బక్కచిక్కి, ఒక ఊపిరితిత్తి మీద బతికి, ఇంకొకరి దుకాణంలో గుడ్డ కోసి నన్ను చదివించాడు.

ఆ రెండు గదుల్లో ఒక మధ్యాహ్నం. నాయనమ్మ కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఒక మెతుకు మెత్తగా చితికి, పక్క మెతుకు పలుకుగా ఉంది. సన్నవీ దొడ్డువీ, పాతవీ కొత్తవీ, అన్ని ఇళ్ళ బియ్యం ఒకే కుండలో ఉడికితే అలాగే ఉంటుంది. అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఏళ్ళ తరబడి పోసిన మనిషికి ఎక్కడి బియ్యమో చెప్పనక్కర్లేదు. ఆమె దవడ బిగిసింది. కంచం నెట్టేస్తుందనుకున్నాను. నెట్టలేదు. ఒక్కో ముద్దా నమిలి, మెతుకు మిగలకుండా తిని, కంచం కడుక్కుని వచ్చింది.

ఆ బుధవారం కూటం సంతోషమ్మ ఇంట్లో. అంతకు ముందెన్నడూ నాయనమ్మ ఆ క్వార్టర్స్ మెట్టెక్కలేదు. ఆ రోజు నా చేయి పట్టుకుని వెళ్ళింది. ఒక్కటే గది, మనుషులు వాకిట్లో కూడా కూర్చున్నారు. ఎవరో ముందుకు రమ్మన్నారు, ఆమె గుమ్మం దగ్గరే కూర్చుంది. మనవులు అడిగే వేళకు, అయ్యగారు తన వైపు రాకముందే చెప్పింది. "డాక్టరు నన్ను అడిగాడు. నేను లేదన్నాను. పిల్ల నా వల్ల పోయింది. ఇది మనవి కాదు. దీనికేం అడగాలో నాకు తెలియదు." ఓదార్పు మాట ఎవరైనా అంటే ఆమె లేచి వెళ్ళిపోయేదని నా నమ్మకం. సంతోషమ్మ లేచింది. వచ్చి ఆమె పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. అంతే. రైలొకటి కూత వేస్తూ పోయింది. అది వెళ్ళేదాకా ఆగి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. నాయనమ్మ ఆమేన్ అనలేదు, ఆ రోజు.

ఆమె ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. మెత్తబడలేదు, ఎవరైనా అలా రాస్తే నమ్మవద్దు. అదే నోరు, అదే నిటారు వీపు. కాకపోతే ఆ వీపుకు ఒక పని దొరికింది. స్టేషన్ చుట్టుపక్కల ఎవరు దగ్గినా వాళ్ళను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్ళేది, వరసలో నిలబడేది. చీటీ రాసేవాడు అడిగితే పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి, వరండా అంతా వినబడేలా చెప్పేది. నసిగేవాళ్ళను, "పేరు చెప్పడానికి నొప్పేమిటి? నీ పేరేగా!" అని కసిరేది. ఆమెను చూసి పిల్లలు భయపడేవాళ్ళు. ఆమెతో వెళ్ళినవాళ్ళలో చాలామంది బతికారు.

ఇప్పుడు మనవులన్నీ ఫోన్లోనే వస్తాయి. మోకాలి ఆపరేషన్, కూతురి పరీక్ష, ఫ్లాట్ రిజిస్ట్రేషన్. నిమిషంలో యాభైమంది దండం బొమ్మలు పెడతారు. దాచేవాళ్ళు తగ్గారని సంతోషపడాలో, లేచి రిక్షా పిలిచేవాళ్ళూ తగ్గారని బాధపడాలో నాకు తెలియదు. పిడికెడు బియ్యం పోసే ఇళ్ళు మా సంఘంలో అయిదో ఆరో ఉన్నాయి, అవీ ముసలివాళ్ళవి. నన్ను చూసి నేర్చుకొమ్మని ఎవరికీ చెప్పే ముఖం నాకు లేదు. ఆ రోజుల సంగతి ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఎరగనివాళ్ళకు, నా అత్తవారింట్లో, నేను పాఠాలు చెప్పిన బడిలో, నా కన్నబిడ్డలకు సైతం, విమల టైఫాయిడ్‌తో పోయిందనే చెప్పాను. తన నోటితో నిజం చెప్పి పోయిన నాయనమ్మ అబద్ధాన్ని నేను అంతకాలం కాపాడాను. వంశగౌరవమంటే ఇదే అనుకున్నాను.

స్త్రీల కూటానికి ఇప్పుడు పెద్దదాన్ని నేనే, మనవులు అడిగేదీ నేనే. స్వప్న అని ఖైరతాబాద్ నుంచి ఒక పిల్ల వస్తుంది. పెళ్ళయి రెండేళ్ళు. మూడు బుధవారాలుగా "మనసులో మనవి ఉంది ఆంటీ" అంటోంది. మొదటి రెండుసార్లు మా సంఘం మర్యాద ప్రకారం తల ఊపి పక్కవాళ్ళను అడిగాను. మూడోసారి ఆ రాత్రంతా నాకు నిద్రపట్టలేదు. పొద్దున్నే ఆటో ఎక్కి అడ్రసు పట్టుకుని వెళ్ళాను. మూడంతస్తులు, లిఫ్టు లేదు. తలుపు గొలుసంత మేరకే తెరిచింది.

"ఏం లేదు ఆంటీ. గట్లనే అన్న. అంతా మంచిగనే ఉంది."

ఆ గొంతు నాకు తెలుసు. నేను లోపలికి రానివ్వమనలేదు, ఏమైందని అడగలేదు. మెట్ల మీద నిలబడి, ఆయాసం తగ్గాక, నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. మా నాన్నకు ఏ జబ్బు వచ్చిందో, ఏ పేరుతో మందులు తెచ్చామో చెప్పాను. డాక్టరు ఏమడిగాడో, మా నాయనమ్మ ఏమందో, పదకొండేళ్ళదాన్ని నేను ఎక్కడ నిలబడి ఏం మాట్లాడకుండా ఉన్నానో చెప్పాను. మా చెల్లి పేరు చెప్పాను. బయటి మనిషికి ఈ సంగతి చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. పక్క ఫ్లాటు తలుపు కూడా తెరుచుకుని ఉంది. నేను గొంతు తగ్గించలేదు.

ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి లోపలికి చూసింది. తర్వాత గొలుసు తీసింది.

"లోపటికి రాండ్రి ఆంటీ" అంది. "మా ఆయన పండుకున్నడు. లేచినంక మీరే అడుగున్రి. ఏం మందులు మింగుతుండో నాకైతే చెప్తలేడు."